గీతకు ఇంత రేటు

కొత్త గిటార్‌కు ఒక ధర. అదే గిటార్‌ను చేసినవాడే గీకి, కొట్టి, రంగు లేపి, ఇనుప సామానుకు తుప్పు పట్టించి ఇస్తే ఇంకో ధర. రెండోదే ఎక్కువ. ఈ లెక్క తలకెక్కకపోతే మీరు బహుశా మా సోమందేపల్లె వైపు మనుషులై ఉంటారు. మా వైపు గీత పడితే ధర తగ్గుతుంది. చీర మీద పడినా, బండి మీద పడినా, పెళ్ళికి కూర్చున్న పిల్ల మొహం మీద పడినా అంతే. గీత పడ్డందుకు ఎదురు డబ్బిచ్చే మహానుభావులు లోకంలో ఉన్నారనీ, వాళ్ళలో కొందరు మాకు వంద పైచిలుకు కిలోమీటర్ల దూరంలో బెంగళూరులోనే ఉన్నారనీ ఈ మధ్యే తెలిసింది. ఆలస్యంగా తెలిసినందుకు బాధే. ఇన్నేళ్ళ గీతలు ఊరికే పోయాయి.

ఈ సరుకును రెలిక్ గిటార్ అంటారు. చేతిపనితో చేస్తారు, ఆర్డరిచ్చి నెలల తరబడి కాచుకోవాలి. తయారీ చూడండి. ఆల్డర్ చెక్కతోనో యాష్‌తోనో ఒళ్ళు కోస్తారు. మేపుల్‌తో మెడ. ఫ్రెట్‌బోర్డ్‌కు రోజ్‌వుడ్, అంటే మన దక్షిణాది అడవుల్లో పెరిగే జిట్టేగి. దాని మీద నైట్రోసెల్యులోజ్ లాకర్ పల్చగా పొర మీద పొర కొట్టి, ఆరబెట్టి, మొహం కనిపించేదాకా పాలిష్ పడతారు. ఇంతవరకూ పని. ఇక్కడి నుంచి కళ.

మెరిసేలా చేసినదాన్ని తీసుకుపోయి ఫ్రీజర్‌లో పెడతారు. బాగా చల్లబడ్డాక బయటికి తీసి వేడిగాలి కొడతారు. చెక్క ఒక తీరున, లాకర్ ఇంకో తీరున ముడుచుకుని సాగేసరికి పైపొర సన్నగా చిట్లుతుంది. చిట్లనని మొండికేస్తే బ్లేడు పట్టుకుంటారు. బెల్టు బకిల్ తగిలే వీపు భాగాన్ని తాళాల గుత్తితో బాదుతారు. మోచెయ్యి ఆనే అంచున గరుకు కాగితం పెట్టి చెక్క తేలేదాకా రుద్దుతారు. స్క్రూలకూ బ్రిడ్జికీ యాసిడ్ ఆవిరి పట్టిస్తారు. మా కిరాణా కొట్లలో మరుగుదొడ్డి కడగడానికి సీసాల్లో అమ్ముతారే, ఆ జాతి యాసిడే. తెల్ల ప్లాస్టిక్ ముక్కల్ని టీ డికాషన్‌లో నానేసి పసుపెక్కిస్తారు. కొందరు తల దగ్గర సిగరెట్ కాలిన మచ్చ కూడా పెట్టిస్తారు. కొన్నవాడు జన్మలో సిగరెట్ ముట్టకపోయినా ఫరవాలేదు, వాడి బదులు గిటార్ తాగి పెడుతుంది.

ఈ పాడుచెయ్యడానికి తరగతులున్నాయి. గిబ్సన్ కంపెనీ టామ్ మర్ఫీ అనే నిపుణుడి పేరు మీద 2021లో ఏకంగా ఒక ప్రయోగశాల తెరిచింది. అక్కడ ముసలితనం నాలుగు మోతాదుల్లో దొరుకుతుంది: అతి తేలిక, తేలిక, భారీ, అతి భారీ. మోతాదు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. ఫెండర్ కంపెనీకీ ఇలాంటి మెట్లే ఉన్నాయి. పెట్టెలో దాచిపెట్టినట్టుండేది ఒకటి, నాలుగూళ్ళు తిరిగొచ్చినట్టుండేది ఒకటి, లారీ కింద పడి లేచినట్టుండేది ఒకటి. ప్రతిదానితోనూ ఇది ఫలానా కంపెనీ చేసిన అసలైన సరుకని సర్టిఫికెట్ ఇస్తారు. నకిలీ వయసుకు అసలు సర్టిఫికెట్. మా మండలాఫీసులో ఇంత వేగంగా ఏదీ చేతికి రాదు.

ఈ కళకు పుట్టినరోజు కూడా ఉంది. 1995 జనవరిలో అమెరికాలో జరిగిన వాయిద్యాల వ్యాపారుల మేళాలో ఫెండర్ వాళ్ళు రెండు గిటార్లు ప్రదర్శనకు పెట్టారు. చూడవచ్చినవాళ్ళు అవి నిజంగానే 1950ల నాటివనీ, కంపెనీ భద్రంగా దాచుకున్నదేదో తెచ్చి చూపిస్తోందనీ అనుకున్నారట. విన్స్ కునెట్టో అనే ఆయన వాటిని అలా తయారుచేశాడు. ఆర్డర్లు వచ్చి పడ్డాయి. మిస్సోరీలో ఆయన వర్క్‌షాప్ పెట్టి 1999 దాకా కంపెనీకి గిటార్లు పాతవాటిలా చేసి పంపాడు. ఆ ఆలోచన వెనక రోలింగ్ స్టోన్స్ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఉన్నాడని ఒక కథ చెబుతారు. తనకు చేసిచ్చిన గిటార్లు మరీ కొత్తగా ఉన్నాయి, నాలుగు దెబ్బలు తగిలించి తెమ్మన్నాడట. నిజమో కాదో గాని, అంత వాయించినవాడు అడిగితే అందం. ఆయన మొహమే అతి భారీ తరగతి.

ఇక్కడో తమాషా ఉంది. 1950ల్లో లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో చేసినవి చేతిపని కళాఖండాలు కావు. కార్ఖానా సరుకు. పలకలా కోసిన ఒళ్ళు, నాలుగు స్క్రూలతో బిగించిన మెడ, ఊళ్ళ వెంట తిరిగి హోటళ్ళలో వాయించుకునేవాడికి అందుబాటులో ఉండాలని, చెడిపోతే మెడ విప్పి ఇంకోటి బిగించుకోవాలని చేసిన పనిముట్టు. తీగల మోతను పట్టే పికప్‌లకు తీగ చుట్టడానికి కూలికొచ్చిన ఆడవాళ్ళుండేవారు. వాళ్ళలో అబిగేల్ ఇబారా అనే ఆవిడ 1956లో చేరి, 2013లో గాని రిటైర్ కాలేదు. ఆవిడ చుట్టిన పికప్‌కు ఆ తర్వాత తర్వాత ఎంత మోజు పుట్టిందంటే ఆవిడ పేరు చెప్పి ధర పెంచేవారు. కార్ఖానాలో గంటల లెక్కన పుట్టిన వస్తువును ఇప్పుడు కళాకారుడు చేత్తో, నెలల తరబడి, కార్ఖానా దానిలాగే కనబడేటట్టు చేస్తున్నాడు.

మా ఊళ్ళో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది.

సోమందేపల్లె 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, పెనుకొండ దాటి బెంగళూరు వైపు వస్తుంటే తగులుతుంది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని మబ్బులకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పాత జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ కురవాలని బుద్ధి పుడితే. పక్కనే ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు పుడుతున్నాయి. వాటి మీద గీత పడితే యజమాని ప్రాణం పోతుంది. ఊళ్ళో మగ్గాలున్నాయి. పట్టు నేస్తారు. ఇక్కడ యంత్రం చేతిపనిని అనుకరిస్తుంది. కొన్ని రకాల బట్టలు చేతిమగ్గానికే ప్రత్యేకమని 1985లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం ఎంత బాగా అమలవుతోందో మరమగ్గాల చప్పుడు వింటూ చెప్పవచ్చు. మరమగ్గం మీద చకచకా దిగిన చీర అంగడిలోకి పోయేసరికి చేనేత అయిపోతుంది. అమెరికాలో చెయ్యి కార్ఖానా వేషం కడుతుంది, సోమందేపల్లెలో కార్ఖానా చేతి వేషం కడుతుంది. రెండు చోట్లా డబ్బు వేషానికే.

చేతిమగ్గం చీర షావుకారు దగ్గరికి పోతుంది. ఆయన మడత విప్పి వెలుతురుకు పడతాడు. అంచు నుంచి కొంగు దాకా వేలితో తడుముతూ పోతాడు. ఒకచోట వేలు ఆగుతుంది. పోగు తప్పింది. నేసినవాడికి ఆ పోగు ఎందుకు తప్పిందో తెలుసు. ఆ పూట కరెంటు పోయింది, లేకపోతే పిల్లకు జ్వరం, లేకపోతే కళ్ళద్దాలు మార్చుకోవాల్సిన వయసు వచ్చింది. షావుకారుకు ఇవన్నీ అక్కర్లేదు, మజూరీలో కోత పెడతాడు. మనిషి చెయ్యి పడిందనడానికి ఆ చీరలో ఉన్న గట్టి సాక్ష్యం ఆ తప్పిన పోగే. ఆ సాక్ష్యానికి మా దగ్గర జరిమానా. అదే సాక్ష్యాన్ని లేనిచోట పుట్టించి, గిటార్ మీద బ్లేడుతో గీస్తే అదనపు రుసుము. షావుకారును తిట్టి లాభం లేదు. ఆయన దగ్గర కొనే అమ్మ కూడా అదే వేలితో తడుముతుంది. ఆ అమ్మగారబ్బాయే బహుశా గిటార్ కొన్నవాడు.

మా ఊరి మగ్గాలింట పుట్టి, ఇప్పుడు బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రవాడు ఉగాదికి అలాంటి గిటార్‌తోనే దిగాడు. లక్షల్లో మాట. ఎంతని ఇంట్లో చెప్పలేదు, నేనూ చెప్పను. పెట్టె తెరిస్తే లోపల ఎర్ర ముఖమల్ గుడ్డ మీద దెబ్బలు తిని పడుకున్న గిటార్. పెట్టెకు మాత్రం గీత లేదు. వాళ్ళ చిన్నాయన మగ్గం గుంతలోంచి లేచొచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని, గిటార్‌ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఎప్పటిదప్పా ఇది?”

“పోయిన నెల చేసింది చిన్నాయనా. అరవైల నాటి దాని మాదిరి.”

“అంటే అరవై ఏండ్లు వాయించినట్లనా?”

“ఆ, అంతే.”

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూడడం మొదలుపెట్టాడు. అరిగిన చెక్కను చదవడం ఆయనకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. ఆయన కూర్చునే పలక తొడలు ఆనేచోట రెండు గుంటలు పడి, నూనె రాసినట్టు నల్లగా నిగనిగలాడుతుంది. తొక్కుడు కర్ర మీద బొటనవేలు ఆనేచోట వేలంత లోతు. పన్నె చట్రాన్ని పట్టి లాగేచోట కర్ర నడుము సన్నబడింది, అదీ ఎడమ చెయ్యి పట్టు ఉన్నంత మేరే. ఏ పని ఏ చెక్కను ఎక్కడ తింటుందో తెలిసిన మనిషి. గిటార్ వీపు చూశాడు, మోచెయ్యి అంచు చూశాడు, తర్వాత తీగల కింద ఫ్రెట్ల మీద గోటితో ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడు.

“తీగె ఒత్తేది ఈడనే గదా?”

“ఈడనే.”

“చెయ్యి ఆనేకాడ చెక్క తేలేదాక అరిగె. బొడ్డుకాడ బెల్టు గీతలు పడె. తీగె ఒత్తే ఇనుము మాత్రం నిన్న దిగేసినట్లుండాదే! వాడెవడో గాని అరవై ఏండ్లు దీన్ని మెడకు తగిలించుకోని తిరిగినాడప్పా. ఒక్కదినమన్నా వాయించలే.”

కుర్రవాడు నవ్వాడు గాని, ఆ నవ్వుకూ కొంచెం రంగు లేచింది. చిన్నాయన చెప్పింది అక్షరాలా నిజం. వాయించే గిటార్‌లో మొదట అరిగేవి ఫ్రెట్లే. తీగ ఒత్తిన చోటల్లా లోహం తగ్గి గాడి పడుతుంది. నిజంగా వాయించినవాడు కొన్నేళ్ళకొకసారి వాటిని పీకి కొత్తవి వేయించుకోక తప్పదు. రెలిక్ గిటార్‌కు మాత్రం ఒళ్ళంతా పుళ్ళు చేసి, ఫ్రెట్లు కొత్తవే వేసి పంపుతారు. అరిగిన ఫ్రెట్ల మీద స్వరం సరిగా పలకదు మరి. కనబడేచోట పాతది, పనిచేసేచోట కొత్తది. చేసినవాడి తెలివికి దణ్ణం. కొన్నవాడికి కావలసింది ముసలితనం కాదు, ముసలితనం ఫోటో అని చేసినవాడికి మొదటి రోజే అర్థమైంది.

కుర్రవాళ్ళ పక్షాన ఒక్క మాట చెప్పకపోతే అన్యాయం. పాత గిటార్ మెడ చేతికి హాయిగా ఉంటుందన్నది నిజమే. కొత్త లాకర్ చెమటకు జిగటగా తగులుతుంది, వెనక భాగం పొర తీసి నున్నగా చేస్తే చెయ్యి జారుతుంది. 1950ల అసలు గిటార్ కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. ముందే గీతలు పడ్డదైతే ఇంకో గీత పడుతుందన్న భయం లేకుండా వాయించుకోవచ్చు. మెడ నున్నగా ఉండాలన్న కోరికకు నా ఓటు ఇస్తాను. తాళాల గుత్తి దెబ్బలకూ సిగరెట్ మచ్చకూ ఏ చేతికి హాయో చెబితే వాటికీ ఇస్తాను.

అసలు ఈ కుర్రవాళ్ళకు ఇది కొత్త విద్యా కాదు. హైదరాబాదు అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి, మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితం పెట్టి ఉద్యోగాల్లో చేరినవాళ్ళను రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి వీధీ ఎరుగును. అనుభవాన్ని కొని తగిలించుకోవడం తెలిసిన తరం గిటార్‌కు అరవై ఏళ్ళ అనుభవం పెట్టించుకుంటే ఆశ్చర్యమేముంది? గిటార్‌కు ఇంటర్వ్యూ ఉండదు, అదొక్కటే తేడా. ఆ మాటకొస్తే మా ముసలివాళ్ళకూ ఈ విద్య వచ్చు. ఆధార్‌లో నాలుగేళ్ళు కలుపుకుని పింఛను తెచ్చుకుంటారు. దొరికితే పింఛను ఆగుతుంది, నలుగురిలో నగుబాటు. గిటార్‌కు ఎన్నేళ్ళు కలిపినా ఆపేవాడు లేడు. పైగా కలిపినవాడిని మాస్టర్ బిల్డర్ అని గౌరవిస్తారు.

పాడుచేసి అమ్మే వ్యాపారం మా పాత జిల్లాకు బయటి నుంచి రానక్కర్లేదు కూడా. రాయదుర్గం వెళ్ళండి, పక్కనున్న బళ్ళారి వెళ్ళండి. జీన్స్ ప్యాంట్లు కుట్టి బతికే ఊళ్ళు. ప్రపంచమంతటా ఈ పని ఒక్క తీరునే సాగుతుంది. కొత్త ప్యాంటును రాళ్ళతో కలిపి తిప్పుతారు. తొడల దగ్గర గరుకు కాగితంతో రుద్దుతారు. పర్మాంగనేట్ కొట్టి వెలిసిపోయేలా చేస్తారు. మోకాలి దగ్గర చింపుతారు. ఇసుకను గాలితో చిమ్మి గుడ్డను అరగదీసే పద్ధతి వల్ల కూలీలు ఊపిరితిత్తులు పాడై చనిపోతున్నారని టర్కీ 2009లో దాన్ని నిషేధించింది. ఇరవయ్యేళ్ళ కుర్రవాళ్ళ ఊపిరితిత్తులకు అతి భారీ తరగతి పాతదనం వచ్చింది, దానికి మాత్రం ఎవరూ అదనంగా ఇవ్వలేదు. చిరిగిన ప్యాంటు వేసుకుని కాలేజీకి పోతున్న పిల్లవాడిని వాళ్ళ తాత ఎందుకు తిడతాడో ఇప్పుడు తెలిసే ఉంటుంది. మోకాలి దగ్గర చిరుగు ఎలా పడుతుందో ఆయన కష్టపడి నేర్చుకున్నాడు. మనవడు డబ్బు పెట్టి కొనుక్కొచ్చాడు.

హైవే మీద ఢాబాల ముందు చూడండి, ఎద్దులబండి. చక్రానికి వార్నిష్. రిసార్టుకు పోతే ఆ చక్రమే దీపాల గుత్తి అయి నెత్తి మీద వేలాడుతూ ఉంటుంది. ఆ బండి తోలినవాడు గేటు దగ్గర సెక్యూరిటీ డ్రస్సులో ఉంటాడు, అదీ బెంగళూరు ఏజెన్సీ కనికరిస్తే.

నిజంగా అరిగిన గిటార్ లోకంలో లేదా అంటే ఉంది. ఐర్లండ్‌లో రోరీ గాలహర్ అనే కుర్రవాడు 1963లో కార్క్ నగరంలోని ఒక వాయిద్యాల దుకాణంలో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ కొన్నాడు. వంద పౌండ్లు. చేతిలో డబ్బు లేక అప్పు మీదే. ఆ అప్పు తీర్చడానికి వాయించాడు, తీరాక కూడా వాయించాడు, 1995లో చనిపోయేదాకా వాయించాడు. చెమటకు దాని రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి, చివరికి చాలా మటుకు చెక్కే మిగిలింది. ఆ చెమటకు కంపెనీ నకలు తీసింది. రంగు ఎక్కడెక్కడ ఊడిందో అచ్చంగా అక్కడక్కడే ఊడదీసి అమ్మింది. అప్పు మాత్రం నకలుతో రాదు. దాన్ని క్రెడిట్ కార్డు వాడు విడిగా అందిస్తాడు.

ఇంగ్లండు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ నల్ల స్ట్రాటోకాస్టర్ కథ ఇంకా రసవత్తరం. దానికి బ్లాకీ అని పేరు. 2004లో వేలానికి పెడితే 9,59,500 డాలర్లు పలికింది. కొన్నది గిటార్లమ్మే పెద్ద దుకాణాల సంస్థ. 2006లో ఫెండర్ దానికి 275 నకళ్ళు చేసింది. క్లాప్టన్ సిగరెట్ పెట్టిన చోట కాలిన మచ్చ, ఆయన మోచెయ్యి ఆనిన చోట అరుగుదల, అన్నీ 275 సార్లు. ఒక్కొక్కటీ 24 వేల డాలర్లు. చకచకా అమ్ముడుపోయాయి.

24 వేలు అన్న అంకె నాకు బాగా పరిచయం. 2019 డిసెంబరులో మా పక్కనున్న ధర్మవరంలో నేతన్న నేస్తం అనే పథకం మొదలుపెట్టారు. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి అప్పట్లో ఏడాదికి 24 వేలు. రూపాయలు లెండి. వేదిక మీద దండలు, కింద చప్పట్లు. ఏడాది పొడుగునా గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడి నడుముకూ కళ్ళకూ మోకాళ్ళకూ పడిన అసలు అరుగుదలకు అది ప్రభుత్వం కట్టిన వెల. ఇంకొకడి మోచెయ్యి అరుగుదలకు తీసిన నకలుకు అంతే అంకె, కరెన్సీ వేరు. అంకెలకు మా మీద ఏమీ పగ లేదు, పక్కన పెట్టిన గుర్తుకే ఉంది.

కాబట్టి ఒక ప్రతిపాదన. పథకాలు మాకొద్దు. ఒక జిల్లా, ఒక ఉత్పత్తి అని ప్రభుత్వాలు అంటూనే ఉన్నాయి గదా. మా ఉత్పత్తి పాతదనం. సోమందేపల్లెలో ప్రాచీనీకరణ కేంద్రం తెరుస్తాం. ఫ్రీజర్లు, వేడిగాలి యంత్రాలు, బ్లేడ్లు అక్కర్లేదు. ముడిసరుకంతా ప్రకృతే ఇస్తుంది. బెంగళూరు బాబులు గిటార్లు కొత్తవే కొని మాకు పంపితే చాలు.

మొదటి తరగతి, ఒక వేసవి. గిటార్‌ను రేకుల ఇంట్లో గోడకు తగిలిస్తాం. మధ్యాహ్నం రేకు కింద మనుషులే చిట్లుతారు, లాకర్ ఎంత? రాత్రి మిద్దె మీద పడుకోబెడతాం, చల్లగాలి తగులుతుంది. చిట్లిన పైపొర మీద నెర్రెలు ఏ నమూనాలో కావాలో ఎంచుకోవచ్చు. చెరువులో నీళ్ళు ఎండిన మొదటి నెల నమూనా ఒకటుంది, మూడో ఏడాది నమూనా ఇంకా లోతుగా ఉంటుంది. వాన తడికి చెక్క ఉబ్బిన రకం కావాలనేవాళ్ళు దయచేసి కోనసీమకు రాసుకోవాలి. ఆ సరుకు మేం పెట్టం.

దానికి పైన మగ్గం తరగతి. గిటార్‌ను మగ్గం గుంత పక్కన పెడతాం. రేషం ధూళి, నూనె చేతులు, తెల్లవారుజామున మొదలై రాత్రిదాకా పన్నె కొట్టే దెబ్బ అదురుకు స్క్రూలు వాటంతట అవే వదులవుతాయి. ఎలుక కొరికిన గుర్తు పడితే దానికి విడిగా చార్జీ లేదు, ఎలుక మా కుటుంబ సభ్యురాలు.

దానికీ పైన హంద్రీ–నీవా తరగతి. ఆ సాగునీటి కాలువలో నీళ్ళు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసి ముసలివాళ్ళైనవాళ్ళ ఇళ్ళలో ఉంచుతాం. గొల్లపల్లి రిజర్వాయర్‌కు నీళ్ళొచ్చాయి, అక్కడి నుంచి కార్ల కార్ఖానాకూ పోయాయి. పొలానికి వచ్చేదాకా గిటార్ మా దగ్గరే. ఈ తరగతిలో డెలివరీ తేదీ ఉండదు. బుక్ చేసినవాళ్ళ మనవలకు అందేలా చూస్తాం. పాతదనం నూటికి నూరుపాళ్ళు అసలుది కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వలేం, క్షమించాలి. అసలుదానికి సర్టిఫికెట్ ఇచ్చే అలవాటు ఎక్కడా లేదు.

అన్నిటికన్నా ఖరీదైనది కుదువ తరగతి. గిటార్‌ను హిందూపురంలో కుదువ పెడతాం. వడ్డీ కట్టడం యజమాని పని. మూడు నెలలు కట్టి, నాలుగో నెల తప్పి, చీటీ పాడి విడిపించి, పిల్ల ఫీజుకు మళ్ళీ పెట్టి, పండక్కి మళ్ళీ విడిపిస్తే, కొట్లో చీటీ అంటించిన బంక మరక గిటార్ మీద పడుతుంది. ఏ కంపెనీ ప్రయోగశాలా ఈ మరక తేలేదు. యజమాని మొహానికీ కొంత పాతదనం వస్తుంది, అది ఉచితం. వాయిద్యాలు కుదువకు పోయి రావడం సంగీతకారుల ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే, మేం కనిపెట్టింది కాదు. ధర నిర్ణయించడమే మా సేవ.

పనివాళ్ళకు కొదవ లేదు. రంగు ఎక్కడ ఊడాలో చెప్పడానికి చిన్నాయన ఒప్పుకున్నాడు. మజూరీ ఎంతని ఆయన అడిగితే గీతకు ఇంత అని చెప్పాం. ఆయన చాలాసేపు లెక్కలు వేసుకున్నాడు. ఇన్నేళ్ళుగా పోగు తప్పినందుకు తన దగ్గర కోసుకున్నదంతా ఈ రేటున తిరిగి వస్తే ఇంకో మగ్గం పెట్టుకోవచ్చునట. తర్వాత ఆయనే, తప్పిన పోగుల చీరలు ఇంకా రెండు ఇంట్లో ఉన్నాయి, వాటినీ ఈ గిటార్ల పక్కన పెట్టి అమ్మకూడదా అని అడిగాడు. అమ్మకూడదు అన్నాం. చీరలో తప్పు నిజంగా జరిగింది గదా, దానికి బెంగళూరులో గిరాకీ ఉండదు.

షరతులు రెండే. అడ్వాన్సు సగం ముందే కట్టాలి, మిగతా సగం గీతలు లెక్కపెట్టుకున్నాక. ఇక, మా దగ్గర్నుంచి తీసుకుపోయిన గిటార్‌ను వాయించి, వాయించి, ఫ్రెట్లు అరగదీసుకొచ్చి చూపించినవాళ్ళకు డబ్బు మొత్తం వాపసు. ఆ ఖాతా కింద ఇప్పటికైతే మేం ఒక్క రూపాయీ పక్కన పెట్టలేదు.